గుడ్డ చుట్టిన రెండు సీసాలు

ఓడినవాడు గ్లాసులు కడగాలి. అది నాకూ బావకూ మధ్య ఒప్పందం. ఎప్పుడూ నేనే కడిగాను.

బావ అంటే మా ఆవిడకు అన్న. స్టేషన్‌కు వెళ్లే వీధి మలుపులో అతనికి వైన్ దుకాణం ఉంది. ఉండేది అనాలి ఇప్పుడు. ఇరుకు దుకాణం. ముందొక గది, వెనకొక గది, వెనక గదిలో రాతి తొట్టి, దాని మీద ఎంత తిప్పినా సరిగా మూసుకోని కుళాయి. పైన అతను పడుకునే గది. కింద గోడలకు నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు. అరల నిండా బయటి దేశాల సీసాలు. కిటికీ పక్కన ఒక్క అర మాత్రం నాది. చెల్లెలి మొగుడినని ఇచ్చాడు. అలా అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు కూడా.

నాకు ఊరి చివర వాలు మీద ద్రాక్షతోట ఉంది. ఇంటి కింద నేలమాళిగ, అందులో పీపాలు. ఏటా నల్ల ద్రాక్ష కోసి, తొక్కతోనే పులియబెట్టి, పిండి, పీపాల్లో పోస్తాను. చలి తగ్గాక సీసాల్లోకి దించుతాను. ఆ ఏటి సరుకు ఆ ఏడే అమ్మేస్తాను. మా వైపు చిన్న తోటల వాళ్లందరం అంతే. కొత్త కోతకు పీపాలు ఖాళీ కావాలి, ఇల్లు గడవాలి. మేం చేసినది మేమే దాచుకుని తాగే తీరిక మాకెప్పుడూ లేదు.

సీసాల్లోకి దించే ముందు ఒక శనివారం సాయంత్రం పీపాలోంచి ఒక సీసా పట్టి బావ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. అతను తన అరలోంచి ఒక విదేశీ సీసా తీసేవాడు. రెండింటికీ తల దాకా గుడ్డ చుట్టి, ముందువెనకలు మార్చి, బల్ల మీద పెట్టాలి. బావ రెండూ రుచి చూసి ఏది నాదో చెప్పాలి. చెప్పలేకపోతే అతను ఓడినట్టు. చెబితే నేను ఓడినట్టు.

గుడ్డలు చుట్టే పని మా ఆవిడది. పాత దుప్పటి చింపి ఆ పని కోసమే ఉంచింది. చుట్టాక వాళ్ల అన్న మొహం చూస్తూ నిలబడేది. అతను మొదటి గుక్కకే నా సీసా మీద వేలు పెట్టేవాడు.

"ఇదే మీ ఆయనది."

"ఎలా తెలిసింది అన్నయ్యా?"

"గొంతు దిగకముందే పోట్లాటకు వస్తోంది. మీ ఆయన పోలిక కాదు, నీ పోలికే."

అంతటితో వదిలేవాడు కాదు. తొక్క మరీ ఎక్కువ నానబెట్టావనేవాడు. పీపా కడగడానికి బద్ధకించావనేవాడు. వాన పడ్డాక కోశావు కదా అనేవాడు. వానలో కోసిన సంగతి నేను ఎవరికీ చెప్పి ఉండను. నేను తలూపి గ్లాసులు తీసుకుని తొట్టి దగ్గరికి పోయేవాణ్ణి. మరుసటి ఏడు ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. ఇంకోటి చేసేవాణ్ణి. ఈ పనిలో నాకు తెలిసినదంతా బావ తిట్టగా తెలిసినదే. బాగుందని మాత్రం ఒక్కసారీ అనలేదు.

మా ఆవిడ పోయాక గుడ్డలు చుట్టే పని టీచరమ్మగారికి వచ్చింది. ఆవిడ దుకాణం ఎదురు మేడ మీద ఉండేది. బడిలో పని మానేసి చాలాకాలమైంది. ప్రతి శనివారం దిగి వచ్చి ఒకే రకం తెల్ల వైన్ ఒక సీసా కొనుక్కునేది. అదీ బయటి దేశానిదే. వాళ్లాయన బతికి ఉండగా ఇద్దరూ అదే తాగేవారట. ఆవిడ వచ్చేది, నేను ఉండేవాణ్ణి, బావ మాట్లాడేవాడు. వారమంతటిలో నేను మనుషుల మధ్య ఉండేది ఆ సాయంత్రమే. మిగతా రోజులు తీగలకు మాటలక్కర్లేదు, పీపాలకు అంతకంటే అక్కర్లేదు.

అలా ఉండగా ఒక ఏడు కోత అయిపోయి పీపాలు నింపాక రేడియోలో చెప్పారు. విదేశీ వైన్ మీద దిగుమతి సుంకం బాగా పెంచారట. దేశంలోని తోటలను కాపాడడానికట. నేను ఆ మాట తొక్కలు ఎత్తిపోస్తూ విన్నాను. నన్ను ఎవరో కాపాడుతున్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఆ శనివారం వెళ్లేసరికి బావ అరల మీద ధర చీటీలు మారుస్తున్నాడు. చెవి వెనక పెన్సిలు ఉంది, నోట్లో ఇంకో పెన్సిలు ఉంది.

"రా బావా. నీ పంట పండింది," అన్నాడు తలెత్తకుండా.

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. అదే కదా తమాషా. నువ్వు గుర్రు పెట్టి పడుకున్నావు, లేచేసరికి నీ వైన్ నా వైన్ కంటే మంచిదైపోయింది."

"మంచిదవలేదు. చవకైంది."

"చవకా అవలేదు. అది ఉన్నచోటే ఉంది. పక్కవాణ్ణి ఎత్తి అటక మీద కూర్చోబెట్టారు."

టీచరమ్మగారు వచ్చింది. చూడకుండానే చెయ్యి చాచి తన సీసా తీసుకుంది. చీటీ చూసింది. కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకుని మళ్లీ చూసింది.

"చీటీ తారుమారు కాలేదు కదండీ?"

"లేదు టీచరమ్మగారూ. సుంకం."

"సుంకం ఆ దేశం వాళ్లు కదా కట్టాలి?"

"అలా అనుకుంటే బాగానే ఉంటుంది. ఓడలోంచి సరుకు దింపుకున్నవాడు కడతాడు. వాడు నా దగ్గర రాబట్టుకుంటాడు. నేను మీ దగ్గర."

"మరి నేను ఎవరి దగ్గర రాబట్టుకోవాలి?"

బావ పెన్సిలుతో నన్ను చూపించాడు. "ఈయన దగ్గర. ఇదంతా ఈయన సుఖం కోసమే."

ఆవిడ నన్ను చూసింది, హోంవర్కు చెయ్యని పిల్లవాణ్ణి చూసినట్టు. తన సీసాను చప్పుడు కాకుండా మళ్లీ అరలో పెట్టింది. నా అర దగ్గరికి వెళ్లి ఒకటి తీసుకుంది.

మరుసటి శనివారం బావ అడిగాడు. "ఎలా ఉందండీ మా బావ సరుకు?"

"ఉందండీ," అందావిడ. "ఇంకా చాలా ఉంది. వంటింట్లో."

బావ దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆ చలికాలమంతా నా అర త్వరగా ఖాళీ అయింది. నేను మిగిలిన పాత సీసాలన్నీ తెచ్చి పెట్టాను, అవీ పోయాయి. కొందరు నాది కొన్నారు. కొందరు వీధి అవతల బీరు అమ్మే చోటికి మళ్లారు. చాలామంది కిటికీ ముందు నిలబడి, లోపల చీటీలు చదివి, చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లిపోయారు. బావ అరలు కదలలేదు. దుకాణం అద్దె ఆ కదలని సీసాలే కట్టేవని, నా అర వాటి వీపు మీద కూర్చుని ఉండేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

నాకూ ఏమంత ఒరగలేదు. ఖాళీ సీసాల ధర పెరిగింది. బిరడాలు అమ్మేవాడి దగ్గరికి వెళితే వాడూ పెంచాడు.

"నువ్వెందుకు పెంచావు? సుంకం వైన్‌కు కదా?" అన్నాను.

"బిరడాకు బెరడు ఇచ్చే చెట్టు మన దగ్గర ఎక్కడైనా చూశావా పెద్దాయనా? ఇదీ ఓడ మీదే వస్తుంది. ఓడ దిగిన ప్రతిదాని మీదా ఏదో ఒకటి వేశారు. నా మీద వెయ్యలేదు, నేను ఇక్కడే పుట్టాను కాబట్టి."

చలి విరుగుతుండగా ఒక కంపెనీ నుంచి మనిషి వచ్చాడు. కుర్రవాడేం కాదు, మర్యాదస్తుడు. నేలమాళిగ మెట్లు దిగుతూ అందరిలాగే దూలానికి తల కొట్టుకున్నాడు. అందరిలాగే ఏమీ తగలలేదన్నాడు. ప్రతి పీపాలోనూ ఒక గాజు గొట్టం ముంచి, తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు.

"రుచి చూడరా?" అన్నాను.

"అవసరం లేదు పెద్దాయనా. అందరిదీ ఒకే తొట్టిలో కలుస్తుంది."

"మరి మీకేం కావాలి?"

"ఎర్రగా ఉండాలి. మన దేశానిది కావాలి. ఇప్పుడే కావాలి."

విషయం చెప్పాడు. పెద్ద దుకాణాల్లో విదేశీ సరుకు తగ్గిపోయిందట. ఆ ఖాళీ నింపాలట. నా పీపాలన్నీ తీసుకుంటారు, ఈ ఏడే కాదు, ఇకముందు కూడా ఏటా. లారీ వస్తుంది, గొట్టం వేసి లాగేసుకుంటుంది. సీసాల బెంగ లేదు, బిరడాల బెంగ లేదు, అమ్ముకునే బెంగ లేదు. ఇస్తే అన్నీ ఇవ్వాలి. కొన్ని ఇచ్చి కొన్ని ఉంచుకోవడం కుదరదు.

మెట్ల పక్కన గోడకు నా సీసాల మీది లేబుల్ ఒకటి అంటించి ఉంది. తీగకు ఆనించిన నిచ్చెన బొమ్మ. మా ఆవిడ గీసింది. మెట్లు ఒకవైపు వంకరగా వచ్చాయి. అలాగే అచ్చు వేయించాం.

"ఈ బొమ్మ ఉంటుందా?" అన్నాను.

అతను దగ్గరికి వెళ్లి చూశాడు. "బాగుంది. కానీ మాకు గుర్రం ఉందండీ."

"గుర్రమా?"

"గుర్రం బొమ్మ. అందరికీ అదే. సోమవారం లారీ తీసుకుని వస్తాను. ఆలోగా ఆలోచించి చెప్పండి."

అతను వెళ్లాక మూల పీపా దగ్గర కూర్చున్నాను. ఆ ఏటి సరుకులో అదే మేలైనది. నాకు అలా అనిపించింది. కాని నాకు అనిపిస్తే ఏం లాభం. కన్నవాడికి ఏ పిల్లైనా బాగానే ఉంటుంది. జనం నా సీసాలు కొంటున్నారు, అదీ గుర్తు కాదు. పక్కవాణ్ణి అటకెక్కించాక కొంటున్నారు. నా నిచ్చెనకు బతికే అర్హత ఉందా, లేక గుర్రం కిందికి పోవలసినదేనా, అది చెప్పగలిగిన నాలుక ఒక్కటే ఉంది. బావ ఈసారీ మొదటి గుక్కకే ఇది నీదే అంటే లారీకి ఇచ్చేద్దామనుకున్నాను. ఒక్క క్షణం తడబడినా ఇవ్వకూడదనుకున్నాను.

శనివారం మూల పీపాలోంచి ఒక సీసా పట్టి కోటు లోపల పెట్టుకుని వెళ్లాను.

షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లాను. బావ కూతురు నేల మీద కూర్చుని గ్లాసులకు కాగితం చుట్టి అట్టపెట్టెలో పెడుతోంది. ఆ అమ్మాయి దూరాన పెద్ద ఊళ్లో ఉంటుంది. అరలన్నీ ఖాళీ. సీసాలు ఉన్నచోట్ల దుమ్ము లేని గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి.

"ఏమిటమ్మా ఇది?"

"నాన్న చెప్పలేదా మావయ్యా? రేపు నాతో తీసుకెళ్తున్నాను. దుకాణం ఫోన్లు అమ్మేవాళ్లు తీసుకున్నారు."

"చెప్పలేదు."

"వారం వారం కూర్చుంటారు కదా ఇద్దరూ. ఏం మాట్లాడుకుంటారు మీరు?"

"వైన్ గురించి."

ఆ అమ్మాయి ఇంకో గ్లాసుకు కాగితం చుట్టింది.

"విదేశీ సీసా ఒక్కటైనా మిగిలిందా?" అన్నాను.

"ఒక్కటీ లేదు మావయ్యా. నిన్న టోకు వ్యాపారి వచ్చి ఊడ్చుకుపోయాడు."

కోటులో సీసా బరువుగా అనిపించింది. పోల్చడానికి రెండోది లేకపోతే బావ మాత్రం ఏం చెబుతాడు. వెనక్కి తిరిగాను.

"ఎక్కడికి?" వెనక గదిలోంచి బావ గొంతు. "ఒకటి దాచాను. రా." మళ్లీ కూతురితో అన్నాడు, "నువ్వు వెళ్లి ఆ తాళ్లేవో కొనుక్కురా. గ్లాసులు రెండు ఉంచి వెళ్లు."

వెనక గదిలో అతను ఒక పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద ఆ పాత దుప్పటి ముక్కలు ఉన్నాయి. నేను ఇంకో పెట్టె మీద కూర్చున్నాను.

"చెప్పొచ్చు కదా," అన్నాను.

"చెబితే నువ్వేం అనేవాడివి?"

ఆలోచించాను. "ఊఁ అనేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

లారీ సంగతి చెప్పాను. కంపెనీ మనిషి సంగతి, గుర్రం సంగతి చెప్పాను. బావ అంతా విని చెయ్యి చాచాడు. నా సీసా ఇచ్చాను.

"అటు తిరుగు."

గోడ వైపు తిరిగాను. వెనక గాజు చప్పుడు, బిరడా లాగిన చప్పుడు, గుడ్డ చప్పుడు వినిపించాయి. అతనికి అలవాటు లేని పని, చాలాసేపు పట్టింది. టీచరమ్మగారిని పిలుద్దామా అన్నాను. ఆవిడ చలికాలంలోనే దుకాణానికి రావడం మానేసింది కదా అన్నాడు. నాకు గుర్తుంది. ఊరికే అన్నాను.

"ఇటు తిరుగు. ఈసారి నువ్వు చెప్పు."

"నేనా?"

"ఇన్నేళ్లూ నా నాలుక వాడుకున్నావు. రేపటి నుంచి ఎవరిది వాడతావు? కంపెనీ ఆయన గాజు గొట్టమా?"

రెండు గ్లాసుల్లో పోశాడు. మొదటిది తాగాను. పుల్లగా, వగరుగా, తొందరగా ఉంది. పండు వాసన ముందుకు తోసుకుని వచ్చింది. నాలుక మీద గరుకు. మంచి కాయ అని తెలుస్తోంది, కాని ఒకచోట నిలబడదు.

"ఇది నాది," అన్నాను.

"అంత తొందరేం? రెండోది చూడు."

రెండోది తాగాను. అది నోట్లోకి వచ్చి ఏమీ అనలేదు. కొంచెంసేపటికి ఎండిన ఆకుల వాసన వచ్చింది. వాన వెలిశాక గోడల దగ్గర వచ్చే వాసన వచ్చింది. పులుపు ఉంది, ఎక్కడో లోపల. వగరు అరిగిపోయి నునుపు తేలింది. మింగాక కూడా అది వెళ్లలేదు. అక్కడే కూర్చుంది. నేను రెండో గుక్క కోసం తొందరపడలేదు.

"ఇది వాళ్లది," అన్నాను. "మనకు ఇలా రాదు."

"ఎందుకు రాదు?"

"వాళ్ల నేల వేరు. వాళ్ల ఎండ వేరు. మనది ఎప్పుడూ అరుస్తుంది. ఇది కూర్చుని మాట్లాడుతోంది. దీన్ని చేసినవాడికి ఓపిక ఉంది. ఏ తీగ ఎప్పుడు కోయాలో వాడికి తెలుసు. ఇలాంటిది ఒక్కటి చేసి ఉంటే నేను లారీ వాణ్ణి మెట్లు దిగనిచ్చేవాణ్ణే కాదు."

అంత పొడుగ్గా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. బావ అడ్డు రాలేదు. నేను ఆగాక మొదటి సీసా గుడ్డ విప్పాడు. లేబుల్ లేని కొత్త సీసా, నేను తెచ్చినదే. రెండో దాని గుడ్డ విప్పాడు.

నిచ్చెన బొమ్మ. కాగితం పసుపెక్కింది. ఒక మూల ఎగిరిపోయింది. బొమ్మ కింద ఏడాది అంకె చేతిరాతతో ఉంది. ఆ రాత మా ఆవిడది. అది ఆవిడ చివరి కోత. పిండే మర విరిగితే, ఆ ఏడు ఆవిడే తొట్టిలో దిగి కాళ్లతో తొక్కింది. చలి తగ్గాక అంకెలు కూడా ఆవిడే వేసింది. మరో కోత చూడలేదు.

నేను సీసా అందుకుని ఆ అంకె మీద వేలు ఆనించాను.

"ఏటా నువ్వు తెచ్చిన పెట్టెలోంచి ఒకటి తీసి నా మంచం కింద పడుకోబెట్టాను," అన్నాడు బావ. "ఎలా ముసలవుతుందో చూద్దామని. కొన్ని పాడయ్యాయి. నువ్వు వానలో కోసినవి. ఇది పాడవలేదు."

"చెప్పలేదు."

"చెబితే అడిగి తాగేసేవాడివి."

"మరి ఇన్నేళ్లూ నాది ఏదో ఠక్కున చెప్పేవాడివి."

"అందులో నా గొప్పేముంది? నీది పీపాలోంచి నిన్న దిగినది. వాళ్లది ఏళ్ల తరబడి పడుకుని లేచినది. నెలల పిల్లనూ పెళ్లీడు పిల్లనూ పక్కపక్కన కూర్చోబెడితే ఏది ఏదో గుడ్డివాడు కూడా చెబుతాడు."

"అంటే నాతో ఊరికే గ్లాసులు కడిగించావు."

"వాళ్ల వైన్ అమ్ముకుని బతికేవాణ్ణి బావా. నీది కూడా పడుకోబెడితే లేస్తుందని చెబితే, నువ్వు అమ్మడం మానేసి దాచడం మొదలుపెట్టేవాడివి. మా చెల్లి ఏం తినేది?"

అది నిజమే. తొట్టి మీద కుళాయి చుక్క చుక్క పడుతోంది.

"మరి ఇది?" కొత్త సీసా చూపించాను.

అతను నా గ్లాసే తీసుకుని ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడూ మూసుకునేవాడు కాదు.

"దీనికి ఇంకా నిద్ర కావాలి. లారీ ఎక్కించకు," అన్నాడు.

బాగుందని అప్పుడూ అనలేదు.

కూతురు తాళ్లతో తిరిగి వచ్చేదాకా పాత సీసా తాగుతూ కూర్చున్నాం. ఆ అమ్మాయికీ ఒక గ్లాసు పోశాం. ఏమిటిది, ఎక్కడిది అంది. మీ అత్తది అన్నాడు బావ. అది మింగి ఆ అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నేను గ్లాసులు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లాను. తప్పు చెప్పింది నేనే కాబట్టి ఓడింది నేనే. బావ పెట్టె మీది నుంచి మెల్లగా లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. నేను కడిగినవి ఆ దుప్పటి ముక్కతో తుడిచి పెట్టాడు. అలా ఎప్పుడూ చెయ్యలేదు.

సోమవారం కంపెనీ మనిషి వచ్చాడు. ఈసారి దూలం గుర్తుపెట్టుకుని వంగాడు.

"వచ్చే కోత నుంచి సగం కాయ ఇస్తాను. కాయగానే తీసుకెళ్లండి, మీ గుర్రం పెట్టుకోండి," అన్నాను. "పీపాల్లోది ఇవ్వను."

"పెద్దాయనా, మీ మంచికే చెబుతున్నాను. ఈ సుంకం ఎల్లకాలం ఉండదు. రేపు ఎవరో వచ్చి తీసేస్తారు. అప్పుడు మిమ్మల్ని అడిగేవాడుండడు."

"తెలుసు."

"మీ బావగారి దుకాణం కూడా లేదట. ఎవరికి అమ్ముతారు?"

"ఇప్పుడే అమ్మను."

"మరి ఉంచుకుని ఏం చేస్తారు?"

"పడుకోబెడతాను."

అతను ఒక నిమిషం చూశాడు. నాకు చెవుడో, మతి తప్పిందో తేల్చుకోలేకపోయాడు. చివరికి కాయ విషయం మాట్లాడుకుని చేతులు కలిపాం. లారీ ఖాళీగా వాలు దిగి వెళ్లింది. ఖాళీ లారీకి చప్పుడెక్కువ.

కొత్త సీసాలు కొనలేక వాడిన సీసాలు పోగుచేశాను. టీచరమ్మగారు ఒక సంచి నిండా తెచ్చి ఇచ్చింది. అన్నీ ఆ తెల్ల వైన్ సీసాలే. అన్నాళ్లూ దాచుకున్నట్టుంది. ఒక్కొక్కటీ తీసి ఇచ్చింది. అందులో ఒకదానిలో పీపాలోంచి నాది పట్టి ఇవ్వబోయాను.

"పడుకోబెడుతున్నారట కదా. లేచాక చెప్పండి," అంది. నేలమాళిగ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, "నాకు ఇప్పుడు తాగే అలవాటు తప్పిందండీ," అంది.

ఆ సీసాలన్నీ కడిగి, నింపి, బిరడాలు కొట్టి, నేలమాళిగలో గోడ పొడవునా పడుకోబెట్టాను. నిచ్చెన లేబుల్ కింద ఏడాది అంకె నేనే వేశాను. నా అంకెలు మా ఆవిడ అంకెల్లా రావు. అవి లేచేసరికి నేను ఉంటానో ఉండనో. ఆ సంగతి సీసాలకు పట్టదు.

శనివారాలు వస్తూనే ఉన్నాయి. మొదట్లో కాళ్లు అలవాటుగా స్టేషన్ వీధికి తీసుకెళ్లాయి. దుకాణంలో తెల్లటి దీపాలు పెట్టారు. నా అర ఉన్నచోట ఫోన్లకు తొడిగే రంగురంగుల తొడుగులు వేలాడుతున్నాయి. లోపలి కుర్రవాడు ఏం కావాలి తాతా అన్నాడు. ఏమీ వద్దన్నాను. తర్వాత వెళ్లడం మానేశాను.

ఒక శనివారం సాయంత్రం వంటింట్లో తొట్టి దగ్గర ఉండగా ఫోన్ మోగింది. తడి చేత్తోనే తీశాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు బావ.

"గ్లాసు కడుగుతున్నాను."

"ఓడిపోయావా?"

"ఊఁ."

"ఎవరి చేతిలో?"

"నువ్వేం తాగుతున్నావు అక్కడ?" అన్నాను.

"అల్లుడు తెచ్చాడు. గుర్రం బొమ్మది."

"ఎలా ఉంది?"

"ఎర్రగా ఉంది."

ఇద్దరం కొంచెంసేపు నవ్వాం. అటువైపు ఎక్కడో టీవీ మోగుతోంది, తలుపు మూసిన చప్పుడైంది. నవ్వు ఆగాక కూడా ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

"కుళాయి కట్టు. నీళ్లు పోతున్నాయి, ఇక్కడికి వినబడుతోంది," అన్నాడు.

కట్టాను. నా కుళాయి దుకాణంలోదానిలా కాదు, బాగానే మూసుకుంటుంది. ఫోన్ చెవికి ఆనించుకునే గ్లాసు తుడిచి పెట్టాను.